కౌలు సాఫ్ట్‌వేరా, పట్టా సాఫ్ట్‌వేరా?

మన కెమెరా – మన మాట: 6వ భాగం



పోయిన భాగంలో మైకు గురించి రాశాక ఇన్‌బాక్స్ నిండా ఒకటే ప్రశ్న. "అన్నా, ఎడిటింగ్‌కి ఏది మంచిది? ప్రీమియరా, డావిన్చీనా, ఫైనల్ కట్టా? ఫోన్‌లో అయితే కైన్‌మాస్టరా, వీఎన్నా?" ఒక చెల్లి అయితే పన్నెండు యూట్యూబ్ రివ్యూలు చూసి, చూశాక ఇంకా అయోమయంలో పడ్డానని రాసింది.

పడుతుంది మరి. ఆ రివ్యూలు చేసేవాళ్ళ టేబుల్ మీద ఉండే కంప్యూటర్ ఖరీదుతో మన వాడలో ఒక గది కట్టొచ్చు. వాళ్ళకు ఇందులో ఎన్ని ఎఫెక్టులు ఉన్నాయి, రంగు ఎంత బాగా దిద్దుతుంది, ఏఐ ఎంత పని చేస్తుంది అన్నదే ముఖ్యం. మన చేతిలో ఉన్నది పగిలిన గ్లాసు ఫోను, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, నెలాఖరుకు ఖాళీ అయ్యే జేబు. వాళ్ళ లెక్కతో మనం కొంటే మునుగుతాం.

కాబట్టి నేను నా లెక్క చెప్తాను. ఒప్పుకోకపోతే కామెంట్లలో తిట్టండి, చదువుతాను.

మనకు భూమి భాష బాగా తెలుసు. తరతరాలుగా మన గొడవంతా దానిమీదే. ఆ భాషలోనే మాట్లాడుకుందాం. సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ముందు అడగాల్సింది ఒకటే: ఇది కౌలా, పట్టానా, ఎసైన్డా, ఉమ్మడా?

కౌలు

అడోబ్ ప్రీమియర్ ప్రో కౌలు సాఫ్ట్‌వేర్. మంచి సాఫ్ట్‌వేర్ కాదని నేను అనను. 1991 నుంచి ఉంది, ప్రపంచమంతా వాడుతుంది. ఒకప్పుడు డబ్బాలో అమ్మేవాళ్ళు, ఒకసారి కొంటే నీదే. 2013 మే నెలలో కంపెనీ చెప్పేసింది, ఇక డబ్బా అమ్మం, నెలనెలా కట్టుకోవాల్సిందే అని. అప్పటినుంచి అంతా అద్దే. మన దేశంలో ఒక్క ప్రీమియర్‌కే నెలకు వెయ్యి దాటుతుంది.

కౌలు రైతుకు తెలిసిన సంగతే ఇక్కడా. ఈ ఏడు పంట పోయినా కౌలు కట్టాలి. కట్టడం ఆపితే మీరు మూడేళ్ళు చేసిన ప్రాజెక్టులు మీ హార్డ్ డిస్కులోనే ఉంటాయి, వాటిని తెరిచే తాళంచెవి మాత్రం వాళ్ళ దగ్గర ఉంటుంది. మధ్యలో దిగిపోదామన్నా సులువు కాదు. నెలనెలా కట్టే ఏడాది ప్లాన్‌ని మొదటి ఏడాదిలోనే వదిలేస్తే, మిగిలిన నెలల సొమ్ములో సగం జరిమానాగా గుంజుతున్నారని, ఆ సంగతి ముందు సరిగ్గా చెప్పడం లేదని అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషనే 2024 జూన్‌లో అడోబ్ మీద కోర్టుకెక్కింది. డాలర్లు సంపాదించే జనానికే బాధ అనిపించిన కౌలు అది. మనం ఆలోచించుకోవద్దా?

నెలనెలా ఆదాయం వచ్చే పని ఉంటే కౌలుకు తీసుకోండి, తప్పేం లేదు. పెళ్ళి ఆర్డర్లు ఉన్నాయి, ఒక ఛానెల్‌కు ప్యాకేజీలు చేసిస్తున్నారు, కట్టండి. కానీ సంఘం పని, మీటింగులు, నిజనిర్ధారణ వీడియోలు, ఊరి పెద్దల జ్ఞాపకాలు, వీటిని కౌలు భూమిలో నాటకండి.

పట్టా

ఒకసారి కొంటే మీదే అన్నవి కొన్ని ఉన్నాయి. యాపిల్ ఫైనల్ కట్ ప్రోని ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. డావిన్చీ రిజాల్వ్‌లో స్టూడియో అనే పెద్ద వెర్షన్ 295 డాలర్లు, మన లెక్కలో పాతికవేలు దాటుతుంది.

ఒకేసారి కొనుక్కునే ఈ ఫైనల్ కట్ మ్యాక్‌లో తప్ప నడవదు. అంటే ముందు మ్యాక్ కొనాలి. ఎద్దుల కోసం ముందు ఎకరం కొనమన్నట్టు.

ఇంకో మాట. పట్టా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం, మనకది తెలుసు. 2011 జూన్‌లో యాపిల్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ అని కొత్తది విడుదల చేసింది. పాత ఫైనల్ కట్‌లో చేసిన ప్రాజెక్టులను ఆ కొత్తది తెరవలేకపోయింది. ఏళ్ళ తరబడి చేసిన పనిని కొత్త దాంట్లోకి తీసుకెళ్ళే దారే అప్పుడు లేదు. పేరున్న ఎడిటర్లు గగ్గోలు పెట్టారు, చాలామంది వదిలేసి పోయారు. పాస్‌బుక్ చేతిలోనే ఉంది, సర్వే నంబరు మార్చేశారు. అంతే కథ.

ఎసైన్డ్

డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌ది భలే కథ. ఒకప్పుడు డావిన్చీ అంటే సినిమాల రంగు దిద్దే యంత్రం, లక్షల డాలర్ల ఖరీదు. ఆస్ట్రేలియా కంపెనీ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో దాన్ని కొనేసింది. 2011లో ఉచిత వెర్షన్ ఇచ్చింది. వాళ్ళ వ్యాపారం కెమెరాలు, పరికరాలు అమ్మడం. సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తే జనం ఆ దారిలో వస్తారని లెక్క. ఏదైతేనేం, హాలీవుడ్ వాడే సరుకు మన పిల్లల చేతికి పైసా లేకుండా వచ్చింది. వాటర్‌మార్క్ వేయదు, 4కె దాకా బయటికి తీయొచ్చు. స్టూడియోకు మాత్రమే ఉన్న ఎఫెక్ట్ వాడితే అప్పుడు మాత్రం బొమ్మ మీద ముద్ర పడుతుంది.

మంచిదే. కానీ ఇది ఎసైన్డ్ భూమి లాంటిది. దున్నుకో, తిను, కాగితం మాత్రం ఇచ్చినవాడిది. రేపు వాళ్ళ లెక్క మారితే మనం చేయగలిగేది లేదు. పైగా ఈ నేల గట్టిది, బక్క ఎద్దులతో దున్నలేం. 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే హాయిగా నడుస్తుంది. ఇంకో మెలిక కూడా ఉంది. లినక్స్ వేసుకున్న సిస్టమ్‌లో ఉచిత రిజాల్వ్ మామూలు ఫోన్ వీడియోలనే తెరవదు. మన ఫోన్లు తీసేది హెచ్ 264, హెచ్ 265 పద్ధతిలో. లినక్స్‌లో ఉచిత వెర్షన్‌కు ఆ అనుమతి లేదు. ఈ సంగతి తెలియక రాత్రంతా ఇన్‌స్టాల్ చేసి, పొద్దున్నే తల పట్టుకున్న తమ్ముళ్ళు నాకు తెలుసు.

ఉమ్మడి

ఉమ్మడి అనే మాట వినగానే మన ఒళ్ళు జలదరిస్తుంది. ఊరుమ్మడి చెరువు పేరుకే ఉమ్మడి. మహాడ్‌లో 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు తాగితే ఏమైందో మనకు తెలుసు. కారంచేడులో 1985లో ఒక చెరువు దగ్గర మొదలైంది ఎక్కడిదాకా పోయిందో కూడా తెలుసు.

సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఒక ఉమ్మడి చెరువు ఉంది. దాని గట్టు మీద ఎవడూ కాపలా లేడు. కేడెన్‌లైవ్, షాట్‌కట్, ఓపెన్‌షాట్ ఈ కోవలోవి. వీటి లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది: ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు, నకలు తీసి పక్కవాళ్ళకు ఇవ్వొచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని పది ఊళ్ళు తిరిగి ఎక్కించినా అడిగేవాడు లేడు. అది దొంగతనం అనిపించుకోదు, మీ హక్కు.

కేడెన్‌లైవ్ 2002లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. విండోస్‌లో, లినక్స్‌లో రెండిట్లోనూ పని చేస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్ మీద కూడా ప్రాక్సీ పెట్టుకుంటే లాగేస్తుంది. ప్రాక్సీ అంటే పెద్ద విద్యేం కాదు. బరువైన వీడియో పక్కన పెట్టి, దాని తేలికపాటి నకలు మీద కత్తిరింపులు చేసుకుంటాం. చివర్లో ఎక్స్‌పోర్ట్ కొట్టినప్పుడు అది అసలు వీడియో తీసుకుని బయటికి ఇస్తుంది.

దీని ప్రాజెక్ట్ ఫైల్ మామూలు అక్షరాల ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా, ఏ వీడియోని ఎక్కడ కోశామో తెలిసిన ఒక కంప్యూటర్ పిల్లవాడు దాన్ని విప్పగలడు.

లోపాలు లేవా? ఉన్నాయి. అప్పుడప్పుడు హఠాత్తుగా మూసుకుపోతుంది. ఐదు నిమిషాలకోసారి సేవ్ కొట్టడం అలవాటు చేసుకోవాలి. రంగు దిద్దడంలో రిజాల్వ్ ముందు ఇది నిలబడదు. తెలుగులో నేర్పే వీడియోలు ప్రీమియర్‌కు కుప్పలుగా ఉంటాయి, దీనికి తక్కువ. ఆ లోటు మనమే పూడ్చాలి.

మరి ఫోన్?

మన వాళ్ళలో ఎక్కువమంది పని ఫోన్‌లోనే. కైన్‌మాస్టర్ ఉచితంగా వాడితే దాని పేరు మన వీడియో మీద కూర్చుంటుంది. వీఎన్‌లో ఆ బాధ లేదు. యూట్యూబ్ క్రియేట్ 2023లో వచ్చింది, మొదటి విడతలోనే ఇండియాకు ఇచ్చారు. ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళ ఎడిట్స్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఇవన్నీ రోజువారీ పనికి చాలు. ధర్నా అయిపోయిన గంటలో రెండు నిమిషాల వీడియో పెట్టాలంటే ఫోనే దిక్కు.

కానీ యాప్ అనేది మన ఇంట్లో ఉన్న పక్కవాడి మంచం. ఎప్పుడైనా పట్టుకుపోతాడు. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను ఒక్క దెబ్బతో నిషేధించింది. టిక్‌టాక్‌తో పాటు వివావీడియో అనే ఎడిటింగ్ యాప్ కూడా అందులో పోయింది. క్యాప్‌కట్‌కూ మన దేశంలో అదే గతి పట్టింది. ఆ నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. పల్లెల నుంచి, వాడల నుంచి వచ్చిన ఎంతమంది ఆడపిల్లల పాటలు, ఆటలు, మాటలు ఆ ఒక్క రాత్రితో కనపడకుండా పోయాయో గుర్తు తెచ్చుకోండి. వేరేచోట దాచుకున్నవాళ్ళకు మిగిలాయి. దాచుకోనివాళ్ళకు లేవు.

రెండు పరీక్షలు

ఏది ఎంచుకున్నా, నేర్చుకోవడం మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు పెట్టండి.

మొదటిది పేరు పరీక్ష. టైటిల్ పెట్టె తెరిచి "అంబేడ్కర్" అని టైపు చేయండి. డ కింద క ఒత్తు కుదురుగా కూర్చుందా, లేక "డ్" ఒకచోట "క" ఒకచోట విడిపోయి పడిందా చూడండి. తర్వాత "రాష్ట్రం", "రాజ్యాంగం", "లక్ష్మి" కొట్టి చూడండి. చాలా సాఫ్ట్‌వేర్లు ఇంగ్లిష్ అక్షరాల కోసం తయారైనవి, మన ఒత్తులు వాటికి అర్థం కావు. ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సౌత్ ఏషియన్ అనే ఎంపిక పెడితే తప్ప అక్షరాలు చెదిరిపోతాయని చాలామంది స్టూడియోవాళ్ళకే తెలియదు. అందుకే అను ఫాంట్లతో నెట్టుకొస్తారు. ఆ అక్షరాలు కంటికి తెలుగులా కనపడతాయి, కంప్యూటర్‌కు మాత్రం అవి తెలుగు కాదు. వాటిని సబ్‌టైటిల్‌గా యూట్యూబ్‌కు ఇవ్వలేం, వెతికితే దొరకవు. యూనికోడ్‌లోనే కొట్టండి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, గురజాడ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. బాబాసాహెబ్ పేరు సరిగ్గా రాయలేని పనిముట్టుతో బాబాసాహెబ్ జయంతి వీడియో చేయడం ఏంటి చెప్పండి?

రెండోది మీ ఫోన్ పరీక్ష. మీ ఫోన్‌లో పది నిమిషాల ప్రసంగం తీసి, దాంట్లోకి ఎక్కించి, చివరి నిమిషం చూడండి. మాట, పెదవి కలిశాయా? ఫోన్లు సెకనుకు తీసే ఫ్రేముల లెక్క ఒకే తీరున ఉంచవు, వెలుతురుని బట్టి మారుస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్కడ తడబడి, మాట ముందు, పెదవి వెనక పడేలా చేస్తాయి. అలా జరిగితే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి మార్చి ఎక్కించండి. కేడెన్‌లైవ్ అయితే అలాంటి వీడియో రాగానే మార్చమంటావా అని అదే అడుగుతుంది.

క్రాక్ గురించి కోపంగా నాలుగు మాటలు

"క్రాక్ దొరుకుతుంది కదన్నా, కౌలెందుకు?" అని అడిగేవాళ్ళకు ఇది.

ఊళ్ళో సగం స్టూడియోలు క్రాక్ మీదే నడుస్తున్నాయని మీరంటారు. కావచ్చు. వాళ్ళు పెళ్ళి వీడియోలు చేస్తారు. మీరు ఇసుక లారీల మీద చేస్తున్నారు, హాస్టల్ అన్నంలో పురుగుల మీద చేస్తున్నారు, ఎఫ్‌ఐఆర్ కట్టని స్టేషన్ ముందు నిలబడి చేస్తున్నారు. మీ మీద కేసు పెట్టడానికి ఎవడో ఒకడు సాకు వెతుకుతూనే ఉంటాడు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి ప్రకారం, తెలిసి తెలిసి దొంగ నకలు సాఫ్ట్‌వేర్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాదని తేలితే కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదలొచ్చు. వదలొచ్చు అంతే, వదలాలని లేదు. లాప్‌టాప్ పట్టుకుపోవడానికి వాళ్ళకొక కారణం కావాలి. దాన్ని మనమే డెస్క్‌టాప్ మీద ఐకాన్‌గా పెట్టుకుని కూర్చోవాలా?

పైగా క్రాక్‌తో పాటు వచ్చే వైరస్ మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేస్తే, అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళి ఏడుస్తారు?

ఉద్యోగం మాటేంటి?

న్యాయమైన ప్రశ్న. కేడెన్‌లైవ్ వచ్చు అంటే హైదరాబాద్‌లో ఏ ఛానెల్ ఉద్యోగం ఇస్తుంది? పెళ్ళి స్టూడియోవాడు ఎడియస్ వచ్చా అని అడుగుతాడు, ఛానెల్‌వాడు ప్రీమియర్ వచ్చా అంటాడు. నిజమే. కడుపు ముందు.

కానీ చేతి విద్య వేరు, పనిముట్టు వేరు. ఎక్కడ కొయ్యాలి, ఎవరి ముఖం మీద ఆగాలి, మాట ఎక్కడ వదిలేసి మౌనం ఉంచాలి, ఇది ఒకసారి చేతికొస్తే పోదు. టైమ్‌లైన్ అన్నిట్లోనూ టైమ్‌లైనే. కేడెన్‌లైవ్‌లో ఏడాది పని చేసినవాడికి ప్రీమియర్ బటన్లు అలవాటు కావడానికి వారాలు చాలు. అడోబ్ ట్రయల్ వాడి ఇంటర్వ్యూ ముందు చేయి తిప్పుకోండి. ఉద్యోగంలో చేరాక ఆ కౌలు యజమాని కడతాడు, మీరు కట్టక్కర్లేదు.

విద్య ముందా, పనిముట్టు ముందా అంటే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వైపు చూడండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌లో దళిత మహిళలు, బడి మొహం చూడనివాళ్ళు, కెమెరా పట్టారు. వరంగల్ బీటీ పత్తి రైతుల గోసను సినిమాగా తీసి లోకానికి చూపించారు. కంటికి సమానంగా కెమెరా పెట్టి తీసేదాన్ని వాళ్ళు "సంఘం షాట్" అన్నారు. సంఘంలో అందరూ సమానం కాబట్టి. ఆ పేరు ఏ సాఫ్ట్‌వేర్ మెనూలోనూ లేదు. వాళ్ళ బతుకులోంచి వచ్చింది.

బెంగళూరులో ఒక బస్తీలో అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పెట్టి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పారు. పేద పిల్లలకు ముందు ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావాలి అనేవాళ్ళకు అదే జవాబు.

అసలు వీడియోని ముట్టుకోవద్దు

ఇది మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. దాడి జరిగిన చోట తీసిన వీడియో అయితే, ఎడిటింగ్ మొదలుపెట్టే ముందే అసలు ఫైల్‌ను రెండు చోట్ల భద్రం చేయండి. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం అమల్లో ఉంది. దాని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఆ ఫైల్ వేలిముద్ర. ఒక్క సెకను కోసినా, వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపినా ఆ వేలిముద్ర మారిపోతుంది. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. ఫోన్ కూడా అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి. మ్యూజిక్ కలిపి, స్లో మోషన్ పెట్టి చేసిన వీడియో జనం కోసం. కోర్టుకు కావాల్సింది ముడిది.

చివరికి ఏది?

ఒక్కడివే, ఫోన్ మాత్రమే ఉందా? వాటర్‌మార్క్ లేని ఏ యాప్ అయినా సరే. పూర్తయిన వీడియో, ముడి వీడియో రెండూ బయట దాచుకో.

నలుగురు కలిసి సంఘంగా ఛానెల్ నడుపుతున్నారా? ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్, దాంట్లో కేడెన్‌లైవ్, రెండు హార్డ్ డిస్కులు. సాఫ్ట్‌వేర్‌కు పెట్టే డబ్బు హార్డ్ డిస్కుకు పెట్టండి. ఒక్క కుర్రాడికే కాదు, కనీసం ముగ్గురికి నేర్పండి, అందులో ఒక ఆడపిల్ల తప్పకుండా ఉండాలి. ఎడిటింగ్ తెలిసిన ఒకే ఒక్కడు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే ఛానెల్ మూతపడుతుంది. ఇలా మూతపడ్డవి మనకు కొత్త కాదు.

బలమైన కంప్యూటర్ ఉందా, డాక్యుమెంటరీ చేస్తున్నారా? ఉచిత రిజాల్వ్ వాడుకోండి. ఎసైన్డ్ అని గుర్తుపెట్టుకుని వాడుకోండి.

నెలనెలా డబ్బులొచ్చే ఆర్డర్లు ఉన్నాయా? ప్రీమియర్ కౌలుకు తీసుకోండి. ఆర్డర్లు ఆగిన నెల కౌలు ఎలా అని ముందే లెక్కేసుకోండి.

మన తాతలు దున్నిన నేలకు కాగితం లేకపోవడం వల్ల ఏం జరిగిందో మనకంటే ఎవరికి తెలుసు? మన తరం పండిస్తున్న పంట ఈ వీడియోలే. వీటికైనా కాగితం మన పేరు మీద ఉండాలి.

వచ్చే భాగంలో హార్డ్ డిస్కు ఎలా కొనాలి, ఫైళ్ళకు పేర్లు ఎలా పెట్టాలి అనేది రాస్తాను. చిన్న విషయంలా కనపడుతుంది గానీ సగం ఛానెళ్ళ ఏడుపు అక్కడే ఉంది. కేడెన్‌లైవ్ వచ్చినవాళ్ళు ఎవరైనా తెలుగులో పాఠాలు చెప్పడానికి సిద్ధంగా ఉంటే కామెంట్‌లో చేయెత్తండి.

జై భీమ్.